సీటు మీది మూట

కోసిగి,
బుధవారం.

బావకు వందనాలు.

నీ చెల్లెలు సలోమి ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం, ఈ రాత్రి పత్తికొండకు వచ్చే టమోటా బండి డ్రైవరు చేతికి ఇస్తున్నాను. అత్త పోయినప్పుడు అక్కడికి వచ్చిన మనిషి, వానలు వెళ్లిపోయినా తిరిగి రాలేదు. ఎందుకని నేను అడగడం లేదు.

రేపు తెల్లవారి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతున్నాను. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు మోటారు సైకిలుకు కట్టి, కోతకు పోయేవాళ్లందరితోపాటు ప్రయాణం ప్రార్థనకు చర్చి ముందు నిలబెట్టాను. పక్కింటి ఏసురాజు మామ చూసి, "ఏమప్పా, సీటు ఖాళీగా ఇడిసిపెట్టి బరువంతా ఎనక కట్టినావే! గుంతలో పడితే ముందు చక్రం లేస్తాది" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను. ఏటా ఆమె కూర్చునే చోటు వదిలి, ఆమె వీపుకు ఆనేలా మూటలు కట్టడం చేతులకు అలవాటైపోయింది. అందరూ చూస్తుండగానే విప్పి, బియ్యం మూటను సీటు మీదికి మార్చాను.

పత్తికొండ మీదుగానే పోతాను. మీ వీధి మొదట్లో టీ అంగడి దగ్గర కాసేపు ఆగుతాను. ఆమెకు ఈ ఒక్క మాట చెప్పు బావా.

మిగతావన్నీ సైకిల్ ట్యూబుతో బిగించాను. సీటు మీది మూటకు మాత్రం జారుముడి వేశాను. దూరం పోయే బండికి అట్లా కట్టకూడదని తెలుసు. కానీ ఒక్కసారి లాగితే ఊడిపోతుంది.

సలోమి ఇంటాయన