తుడిచేసిన పసుపుబొట్లు

నర్సీపట్నం, మంగళవారం రాత్రి

గొలుగొండ నుంచి ఇందాకే వచ్చాను. అప్పలనరసమ్మ గారు మా యూనివర్సిటీ లైబ్రరీకి ఇచ్చిన నాటువైద్యం తాళపత్రాలకు ఫొటోలు తీయించి, ఒక సెట్టు ఆవిడకు ఇద్దామని వెళ్లాను. ఆకులన్నీ శుభ్రం చేసింది నేనే కాబట్టి మెచ్చుకుంటారని కొంచెం ఆశ కూడా ఉంది.

ఆవిడ ఫొటోలన్నీ రెండుసార్లు తిరగేసి, "బొట్లేవమ్మా?" అన్నారు.

ఏం బొట్లో నాకు అర్థం కాలేదు.

"ఏ మందుకి గుణం కనిపిస్తే ఆ ఆకు అంచున మా మావ పసుపుబొట్టు ఎట్టీవోడు. బొట్టు లేని మందు మా ఇంట్లో ఎవులికీ నూరీవోరు కాదు."

"మురికనుకుని తుడిచేశానండీ" అన్నాను. అబద్ధం చెప్పాలనిపించింది గానీ నోరు రాలేదు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఫొటోలు పక్కన పెట్టి, "మరి ఏ మందు పనిసేసిందో సదివినోళ్ళకి ఎలాగ తెలుస్తాది?" అని మాత్రం అడిగారు.

తుడవకముందే ఫొటో తీయాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. కొత్తగా చేరినవాళ్లకు అది చెప్పేదీ నేనే. ఆ వారం కెమెరా రిపేరులో ఉంది, నాకు ఆగబుద్ధి కాలేదు. రేపు కేటలాగులో ఈ సంగతి రాయాలి. బొట్లు ఏ ఆకులకు ఉండేవో తెలియనప్పుడు ఏమని రాయను...

ఆ రోజు చేతిలో దూది పచ్చగా మారుతుంటే, ఎంత మురికి వదులుతోందో చూడమని పక్కసీటు ఆవిడను పిలిచి మరీ చూపించాను.