బురుజు తలుపు కాడ ఎవరు?

ఫిబ్రవరి 3, మంగళవారం
తాళం చెవి దొరికింది! పరిగిలో ఉంటున్న పాత సర్పంచ్ దగ్గర. నా నలభై రెండేళ్ల బతుకులో మొదటిసారి మా ఊరి బురుజు ఎక్కాను. గబ్బిలాల కంపు, మోకాలికి దెబ్బ... అయినా ఏం చూశాను! గోడ నిండా తుపాకీ పెట్టి కాల్చే తూట్లు — లోపల వెడల్పు, బయటికి రెండు వేళ్ల సందు. నిజాం చివరి రోజుల్లో దోపిడీ దండు ఊరి మీద పడితే, మా తాత ఒక్కడే ఇక్కడి నుంచి కాల్చి తరిమాడట. నిజంగా సాధ్యమేనా? తాండూరు బడిలో పిల్లలకు కోణాలు చెప్పే నేను కొలవకపోతే ఎట్లా!

ఫిబ్రవరి 4
గబ్బిలాల దుమ్ముకు ఒళ్లంతా దురద. కొలవడానికి శనివారం ఎప్పుడొస్తుందో.

ఫిబ్రవరి 7, శనివారం
నేను పైన, తూటుకు కన్ను ఆనించి. నాన్న కింద, తెల్ల తువ్వాలు ఊపుతూ బురుజు వైపు నడక.
"కనవడుతున్ననా బిడ్డా?"
కనిపిస్తున్నాడు... కనిపిస్తున్నాడు... గోడకు పదడుగుల దూరంలో మాయం! అయ్యో అనుకున్నాను. అప్పుడు చూశాను — కిందికి వాలుగా ఇంకో వరుస తూట్లు. వాటిలోంచి నాన్న చెప్పులు కూడా కనిపించాయి. ఎంత తెలివైనవాడు ఆ మేస్త్రీ! ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.
మూడు వైపులా పనిచేస్తుంది. ఉత్తరాన, తలుపు ఉన్నచోట మాత్రం ఒక్క తూటూ లేదు. తలుపు పగలగొట్టడానికి గొడ్డలితో ఒక్కడొచ్చినా చాలు. మరి తాత ఎట్లా బతికాడు?
నాన్నకు కోపం. "మా నాయిన ఒక్కడే ఆపిండు. ఊరంత ఎర్కే."
బురుజు కథ చెప్తూ పంచాయతీ పెట్టే బోర్డుకు రాస్తున్నది ఆయనే. "ఒంటరిగా" అని రాశాడు.

ఫిబ్రవరి 8, ఆదివారం
చర్చి నుంచి వస్తున్న సాయమ్మవ్వను ఆపి అడిగాను. తొంభై ఏళ్లు. వాళ్లింటిల్లిపాదీ మా పొలాల్లో పనిచేసినవాళ్లే. నవ్వింది.
"తలుపు కాడ మా నాయిన లేకుండెనా? వడిసెల తోటి రాళ్లిసిరిండు, పొద్దుగూకేదాంక."
దొరికింది! లెక్క సరిపోయింది! ఆ ఊపులోనే నోరు జారాను — "లోపలికి పోయి తలుపేసుకుంటె అయిపోవు గద అవ్వా?"
"మమ్ముల లోపటికి రానిస్తుండిరా బిడ్డా, గప్పట్ల?"
వాళ్ల నాయిన భుజంలో గుండు దిగిందట. ఆ చెయ్యి మళ్లీ లేవలేదట. పేరు బాలయ్య.

ఫిబ్రవరి 9
నాన్నకు చెప్పలేదు. రేపు.

ఫిబ్రవరి 10, మంగళవారం
చెప్పేశాను. బురుజు బొమ్మ గీసి, తలుపు దగ్గర బాలయ్యను చుక్కగా పెట్టి చూపాను. నాన్న ఆ చుక్క మీద వేలు పెట్టాడు.
"నాయిన ఎన్నడు చెప్పలే..."
బోర్డుకు రాసిన కాగితం జేబులో పెట్టుకుని సాయమ్మవ్వ ఇంటివైపు నడిచాడు. వెనకే పోబోతే చేత్తో వద్దన్నాడు. పేరు రాస్తానని చెప్పడానికా, ఎవరికీ చెప్పొద్దని అడగడానికా? గంట దాటింది, ఇంకా రాలేదు...