ప్లేటులో బర్గర్

14 అక్టోబర్ 2009, బుధవారం, నోవై, అమెరికా

రేపు ఇంగ్లీష్ స్పీకింగ్ క్లాసులో నేను హాంబర్గర్ చరిత్ర గురించి మాట్లాడాలి. అందులో పాసైతేనే యూనివర్సిటీలో టీచింగ్ అసిస్టెంట్ ఉద్యోగం. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం ఎలాగో అడగడానికి ఎవరూ లేరు.

సాయంత్రం రూమ్మేట్లు స్వప్నక్క, లతల ముందు ప్రాక్టీస్ చేశాను. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు ఖీమాని ముద్దగా చేసి కాల్చుకుని, ప్లేటులో పెట్టుకుని తినేవాళ్ళట. ఇక్కడి తిరునాళ్ళలో జనం నడుస్తూ తినడానికి వీలుగా ఎవరో దాన్ని బ్రెడ్డు మధ్య పెట్టారట. ఆ ఎవరో మావాడేనంటూ కొన్ని ఊళ్ళు ఇప్పటికీ పోట్లాడుకుంటున్నాయి.

"మంచిగనే చెప్పినవ్ గానీ, నువ్వెన్నడన్న తిన్నవా?" అంది లత.

తినలేదు. క్లాసులో కూడా ఇదే అడిగితే?

స్వప్నక్క అప్పటికప్పుడు ఆలూ టిక్కీ చేసి, బన్ను మధ్య పెట్టి చేతికిచ్చింది. నేను ప్లేటు తెచ్చుకుని, బన్ను తుంచి, టిక్కీ నంజుకుంటూ తినసాగాను. తలెత్తేసరికి ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు.

"ఓసి పిచ్చిమొహమా! వాళ్ళు అంత కష్టపడి ప్లేటు తీసేస్తే మళ్ళీ తెచ్చావేంటే!" అంది స్వప్నక్క.

నాకూ నవ్వు ఆగలేదు. ఆ తర్వాత మళ్ళీ మొదటినుంచి ఎక్కడా తడబడకుండా చెప్పాను. రేపు ఈ సంగతితోనే మొదలుపెడతాను. ఎవరూ నవ్వకపోతే...

స్వప్నక్క ఆఫీస్‌కి లేటుగా వెళ్తుందట. క్లాసుకొచ్చి, వెనక వరసలో కూర్చుని తనే ముందు నవ్వుతానంది.