నాలుగు బీడీల రూలు

అక్కకు,

దుమ్ముగూడెం దాటాక ఉన్న ఈ పంపుహౌసులోని సమస్త కప్పలకు, బల్లులకు తెలియజేయునది ఏమనగా, నేటి నుంచి నా కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరూ అనరాదు. అనడానికి ఇక్కడ ఇంకో మనిషి లేడనుకో.

నువ్వు, బావ కులాసానే కదా? నీ మోకాలు ఎట్లా ఉంది? తిరుమలాయపాలెంలో వాన పడిందా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, కాకపోతే ప్రాణం విసిగింది.

గోదావరి నీళ్లు తోడే మోటార్లు రెండు, పెద్దది, చిన్నది. మీట మార్చడమే నా పని. నీళ్లు కాలువ వెంట పోయి అడవి అంచున కుంటలో పడతాయి. అక్కడ సోమయ్య కాపలా. కుంట కింద ముత్తమ్మ నారుమడి. అది పోతే మళ్లీ చల్లడానికి ఆమె దగ్గర విత్తనం లేదు.

పోయిన నెల ఒకనాడు ఫోనులో "చిన్నది నడవనియ్యాల్నా?" అని అడిగితే సోమయ్య అవునంటూ "అవ్" అన్నాడు. గాలికి నాకు "ఆపు" అని వినబడింది. ఆపేశాను. కుంట అడుగంటింది.

"నీళ్లేవయ్యా?" అని అరిచాడు. పెద్దది వేశాను.

"ఇంకా రాలే, రెండూ వెయ్." వేశాను. నీళ్లన్నీ కలిసి ఒక్కసారే కుంటలో పోయి పడ్డాయి.

"ఆపు, ఆపు!" ఆపాను. కానీ కాలువలో ఉన్న నీళ్లకు ఫోను లేదు కదా! కుంట పొర్లి మడి మునిగింది. మర్నాడు మళ్లీ ఎండింది, మళ్లీ మునిగింది.

ముత్తమ్మ నడిచి వచ్చింది. "ఏంది తమ్మీ, ఒకపూట ముంచుతవ్, ఒకపూట ఎండబెడ్తవ్. నా నారు ఏమన్న చేపలనుకున్నవా? ఇంకొక్కపారి మునిగితే కుళ్లిపోతది."

ఆమె పోయాక కాలువ గట్టు ఎక్కాను.

బీడీలు చుట్టే తునికాకు ఒకటి కాలువలో వేసి దాని వెంట నడిచాను. నాలుగు బీడీలు కాల్చడం అయ్యాక గానీ అది కుంట చేరలేదు. సోమయ్యతో అన్నాను: "మీట మార్చినంక నాలుగు బీడీల దాకా, నువ్వెంత అరిచినా, నేను మళ్లీ ముట్టొద్దు. ముడితే మోటారు కాలుతది. మోటారు పుస్తకంల రాసి ఉంది."

"పుస్తకంల బీడీలని రాసిండ్రా?"

"అరగంటని రాసిండ్రులే. ఇంకోటి, నువ్వు 'అవ్' అనుడు బంద్. 'ఊ' అను."

ఆ తర్వాత కుంట పొర్లలేదు, ఎండలేదు. నిన్న ముత్తమ్మ నారు పీకి నాట్లు మొదలుపెట్టింది.

మామిడికాయ తొక్కు కొంచెం పంపు. అత్తమ్మకు దండాలు చెప్పు. నన్ను తిట్టినా సరే, ఆఖరున దీవించు.

నీ తమ్ముడు,
యాకయ్య

పుస్తకంలో ఆ రూలు లేదక్కా. నేనే పుట్టించాను. ఆ పుస్తకం ఏ భాషలో ఉందో కూడా నాకు తెలియదు.