తొయ్యక్కర్లేని వ్యాను

ఏమండీ,

మన పాత పికప్ వ్యానుకి స్టార్టర్ మోటారు బాగు చేయించాను. మీరు పోయినప్పటి నుంచి అది కొబ్బరికాయల పాకలోనే ఉండిపోయింది. మీ సంవత్సరీకం అయ్యాక, పాత ఇనుముకి అమ్మేద్దామని మీ తమ్ముడు పట్టుబట్టాడు. స్టార్టయితే ఉంచుకుంటానని చెప్పాను.

మెకానిక్ సూరిబాబు మోటారు ఊడదీసి, రాజమండ్రిలో వైండింగు కొత్తగా చుట్టించి, బ్రష్షులు మార్పించి తెచ్చాడు. ఈ ఉదయం బిగించాక, "ఎక్కండి అమ్మగారూ, మీ చేత్తోనే స్టార్ట్ చెయ్యండి" అన్నాడు.

నాకు వచ్చిన డ్రైవింగు ఎంతో మీకు తెలుసు. మీరు వెనక నుంచి తోస్తుంటే, నేను క్లచ్ తొక్కిపట్టి, మీరు "వదులూ!" అని అరవగానే వదిలేదాన్ని. ఇవాళా అలాగే తాళం సగం తిప్పి, సెకండ్ గేరు వేసి, క్లచ్ తొక్కి, అద్దంలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఏంటండీ, ఎవరైనా రావాలా?" అని అడిగాడు సూరిబాబు.

"తొయ్యాలి కదయ్యా."

"ఇంకెవరూ తొయ్యక్కర్లేదండి. మోటారు వేసింది అందుకే కదండీ! తాళం ఇంకొంచెం తిప్పండి."

తిప్పాను. ఇంజను వెంటనే అందుకుంది. అలవాటు కొద్దీ క్లచ్ వదలబోయాను.

"వదలకండి! గోడెక్కించేస్తారు!" అని కేకేశాడు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

వ్యాను ఇక ఇంట్లోనే ఉంటుంది. రేపటి నుంచి నడపడం నేర్పుతానన్నాడు. సరేనన్నాను. నడపడానికి నేను తప్ప ఇంట్లో ఎవరున్నారు?