యోహాను ఆటో ఎక్కిన టీచరుగారు

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. రేపల్లెలో నర్సమ్మ హత్య గురించి మళ్లీ మాటలు మొదలయ్యాయి. చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు. నిన్న బస్టాండులో యూట్యూబ్ చానల్ అతను కెమెరా పట్టుకుని, "చివరిసారి ఆమె ఎక్కింది యోహాను ఆటోనే కదండీ?" అని అడుగుతుంటే అందరూ తలూపారు.

యోహానుని పోలీసులు విచారించి వదిలేసినా, అప్పట్లో ఊరంతా అతన్నే అనుమానించింది. అతని ఆటో ఎవరూ ఎక్కలేదు. నువ్వు మాత్రం రోజూ అందులోనే బడికి వెళ్లావు. "భయం లేదటే?" అని అమ్మ అడిగితే, "అతను చంపుతుంటే ఎవరన్నా చూశారా ఏంటి?" అన్నావు.

నిన్న యోహాను తనే కెమెరా ముందుకొచ్చాడు.

"నన్ను మనిషిగా చూసింది ఆ టీచరుగారొక్కరేనండి. ఆవిడ ఎక్కబట్టే మా ఇంట్లో పొయ్యి వెలిగింది."

"ఎవరండీ ఆవిడ?"

నేను గుంపులోంచి ముందుకొచ్చి, "మా అక్క" అన్నాను.