పదిహేడు తుపాకుల సంగతి

విండ్సర్

కరుణక్కకి తమ్ముడు దావీదు వందనాలు. ఫోన్లో నేనేం చెప్పినా వేళాకోళమే అనుకుంటావని కార్డు రాస్తున్నా.

"సెవెంటీన్ కొంటున్నా" అంటే పదిహేడు తుపాకులని కాదు మహాతల్లీ. తుపాకి ఒక్కటే, లైసెన్సు కూడా ఉంది. సెవెంటీన్ అనేది తూటా కొలత. నా పాతది ట్వెంటీ టూ. యాభై గజాలదాకా దానికి వంక పెట్టలేం. కానీ మా ప్లాంటులో పనిచేసే గ్లెన్ వాళ్ల సోయా చిక్కుడు చేలో కుందేళ్లు వంద గజాల అవతల కూర్చుంటాయి. అంత దూరం పోయేసరికి ఆ తూటా కిందికి దిగిపోతుంది. కిందటేడు ఒకదానికి కాలికి తగిలి, కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. సాయంత్రందాకా వెతికినా దొరకలేదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. సెవెంటీన్ అయితే తిన్నగా పోతుంది, కుందేలుకి బాధ తెలియదు. "గాలి గట్టిగా ఉన్న రోజు మాత్రం పేల్చకు" అన్నాడు షాపు ముసలాయన. సరేనన్నా.

నువ్వు పాస్టరు గారికి చెప్పి సంఘమంతటి చేత ప్రార్థన చేయిస్తున్నావనీ, నా కోసం శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నావనీ మీ అమ్మాయి ఎస్తేరు చెప్పింది. షుగరు మనిషివి, మానెయ్యి.

బావకి మోకాలు ఎలా ఉంది? కుందేలు పులుసులోకి అమ్మ ఏం నూరేదో రాసి పంపు.

సంఘంలో మాత్రం తుపాకి ఒక్కటేనని చెప్పకు. నా కోసం అంతమంది మోకరించడం ఇదే మొదలు. నువ్వు ఇడ్లీ తిని వెళ్లి, వాళ్ల పక్కనే మోకరించు.

ప్రభువు మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడాలి.

నీ దావీదు